కోడిగుడ్ల ఆటతో నయం చేసిన చెయ్యి

ఈమధ్య ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చారు. "మేడం, మీ సర్వీసులో బాగా సక్సెస్ అయిన కేసు ఒకటి చెప్పండి" అన్నారు. టీ పెట్టే నెపంతో నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆసుపత్రి లెక్కలో సక్సెస్ అయిన కేసులు నాకు చాలానే ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ముందు గుర్తొచ్చేదాన్ని మాత్రం చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. మోకాలు అతికిన లారీ డ్రైవరు సంగతేదో చెప్పి, బిస్కట్లు పెట్టి పంపించేశాను. పాపం, వాళ్ళు రాసుకుని మరీ వెళ్ళారు. చెప్పకుండా దాచుకున్నది ఇది.

నేను పనిచేసింది ఏలూరులో, మిషను దొరల కాలంలో కట్టిన ఒక పెద్దాసుపత్రిలో. దెందులూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నా గది వరండా చివర, బిల్లుల ఆఫీసు పక్కన ఉండేది. డాక్టర్ల పని అయిపోయాక మిగిలింది నా దగ్గరికొచ్చేది. పక్షవాతంతో పడిపోయిన చేతులు, కట్టు విప్పాక వంగనని మొరాయించే మోకాళ్ళు. గదిలో సామాను కూడా పెద్దగా లేదు. మైనం వేడిచేసే తొట్టి, గోడకి కప్పీ తాడు, రెండు రబ్బరు బంతులు, ఒక బేసిను నిండా చిక్కుడు గింజలు.

ఆవిడ కొల్లేటి లంక ఊళ్ళలోంచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భర్త చేపల చెరువుల మీద వలలు లాగేవాడు, మేత వేసేవాడు. ఆవిడ రొయ్యల షెడ్డులో పని చేసేది. ఐసులో వచ్చిన రొయ్యల్ని బల్లల మీద కుప్పగా పోస్తే, ఆడవాళ్ళు వరసగా నిలబడి తలలు తుంచుతారు. కిలో లెక్కన కూలి. రొయ్య తలమీద రంపంలాంటి కొమ్ము ఉంటుంది. అది ఒకరోజు ఆవిడ కుడి అరచేతిలో లోతుగా దిగింది. షెడ్డులో అందరికీ దిగేదేనని, పసుపు పెట్టుకుని మర్నాడు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయింది. చెయ్యి వాచి, చీముపట్టి, ఒళ్ళు తెలియని జ్వరం వచ్చాక గానీ మా దగ్గరికి తీసుకురాలేదు. సర్జనుగారు అరచెయ్యి కోసి శుభ్రం చేసి చేతిని దక్కించారు. అయితే పుండు మానేసరికి నాలుగు వేళ్ళూ లోపలికి ముడుచుకుని కొయ్యబారిపోయాయి.

మొదటిరోజే అడిగింది. "డాక్టరుగారండీ, మళ్ళీ షెడ్డుకి ఎప్పుడెళ్ళొచ్చండీ?"

"నేను డాక్టర్ని కాదమ్మా."

"సరేనండి డాక్టరుగారండీ. ఎప్పుడెళ్ళొచ్చండీ?"

మైనంలో చెయ్యి ముంచి తీశాక వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని సాగదీస్తుంటే కళ్ళమ్మట నీళ్ళు కారేవి గానీ నోరు మెదిపేది కాదు. నొప్పి తెలియకుండా ఉంటుందని నేనే మాట్లాడించేదాన్ని. షెడ్డు మాటెత్తితే చాలు, మొహం విప్పారేది. "నా అంత జోరుగా తుంచేవాళ్ళు మా షెడ్డులో లేరండీ. నా పక్క బల్ల దగ్గర నిలబడమంటే ఎవరూ ఒప్పుకోరండీ. నా కుప్ప తరిగిపోతూంటే వాళ్ళకి చేతులాడవంట." ఆ మాట చాలాసార్లు చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెబుతున్నట్టే చెప్పేది.

తర్వాత చిక్కుడు గింజలు ఏరమన్నాను. ఒక్కో గింజా రెండు వేళ్ళతో తీసి గిన్నెలో వెయ్యాలి. వేళ్ళకి పట్టు రావడానికి అదొక సాధకం. కాసేపు ఏరి ఆగింది.

"ఇవి ఏరాక కూర వండుతారాండీ?"

"లేదమ్మా. మళ్ళీ బేసినులో కలిపేస్తాను."

నా మొహంకేసి అదోలా చూసింది. "కలిపేసేటప్పుడు ఏరడం ఎందుకండీ?"

పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కుప్పలు కుప్పలు తరిగించిన మనిషికి అది పని కాదు, ఎగతాళి. రెండు వారాలకే రావడం తగ్గించింది. మానేస్తుందని నాకు అర్థమవుతూనే ఉంది.

బిల్లుల ఆఫీసులో ఒకాయన ఉండేవారు. తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజరులో వచ్చేవారు. టైపిస్టుగా చేరి, కంప్యూటర్లు వచ్చాక వాటి మంచీ చెడ్డా చూసే బాధ్యత కూడా నెత్తినేసుకున్నారు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్థుడు. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఆయన గదిలోంచి టక్కు టక్కుమని చప్పుడు వినబడేది. ఒకరోజు తొంగిచూశాను. తెర మీద పైన దండెం మీద నాలుగు కోళ్ళు కూర్చుని ఉన్నాయి. అవి ఒక్కో గుడ్డూ జారవిడుస్తుంటే, ఈయన కింద బుట్టని అటూ ఇటూ జరిపి పడుతున్నారు. కోడికొక బటను. పట్టలేకపోతే గుడ్డు టక్కుమని పగులుతుంది.

ఆయన సిగ్గుపడిపోయారు. "పాత మిషన్ల కాలంనాటి ఆటండి మేడం. కొత్తవొచ్చాక ఆడడానికి లేకుండా పోయింది. మొన్నీమధ్యే దారి దొరికింది."

"పాడైందాండీ?"

"ఆట పాడవలేదండి. మిషను జోరెక్కింది. దీన్ని రాసినవాడు గుడ్డు ఎంతసేపట్లో పడాలో గడియారం చూసి రాయలేదండి. మిషను ఎంత జోరుగా పరిగెడితే గుడ్డూ అంత జోరుగా పడుతుంది." అంటూ ఆటని కొత్త కంప్యూటరు మీద నేరుగా తెరిచి చూపించారు. నేను కుర్చీ లాక్కునేలోపే గుడ్లన్నీ పగిలిపోయి ఆట అయిపోయింది. మళ్ళీ ఇంకో ప్రోగ్రాములోంచి తెరిచారు. ఈసారి గుడ్లు బుద్ధిగా పడ్డాయి. "దీన్ని ఎమ్యులేటరంటారండి. ఇది పాత మిషనేనని ఆటని నమ్మిస్తుంది. ఎంత పాతదో మనం చెప్పొచ్చు. ఈ రెండు బటన్లు కలిపి నొక్కితే జోరు తగ్గుతుంది, ఈ రెండూ నొక్కితే పెరుగుతుంది. అంతేనండి."

నాకు కోళ్ళు కనబడలేదు. నాలుగు బటన్లు, నాలుగు వేళ్ళు కనబడ్డాయి.

బిల్లుల ఆఫీసులో పక్కన పెట్టేసిన కంప్యూటరొకటి నా గదిలోకి తెచ్చుకోవడానికి సూపరింటెండెంటుగారి చుట్టూ తిరగాల్సొచ్చింది. "ఆసుపత్రిలో కోళ్ళాటలేమిటండీ?" అని ఆయన, "కోళ్ళు కాదండి, వేళ్ళండి" అని నేను. చివరికి విసుగెత్తి ఒప్పుకున్నారు.

ఆవిడని కూర్చోబెట్టి, నాలుగు వేళ్ళూ నాలుగు బటన్ల మీద సర్ది, జోరు బాగా తగ్గించేశాను. గుడ్డు కోడి దగ్గర బయల్దేరి, గాల్లో ఆగిపోయిందా అన్నట్టు దిగుతోంది. పగిలిన చప్పుడు కూడా మూలుగులా సాగింది. ఆవిడ పకపకా నవ్వింది. "ఈ కోళ్ళకి జ్వరమొచ్చిందాండీ?" నా గదిలో ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఉంగరం వేలితో బటను నొక్కింది. అంతకు ముందురోజు దాకా ఆ వేలు నేను కదిపితే తప్ప కదల్లేదు.

అప్పట్నించి రోజూ వచ్చింది. నేను పక్కన కూర్చుని, వేలి కణుపుల్ని చూసుకుంటూ జోరు కాస్త కాస్త పెంచేదాన్ని. ఎక్కువ పెంచితే సాయంత్రానికి చెయ్యి వాచేది. మర్నాడు తగ్గించేదాన్ని. మొదటి గుడ్డుకే కనిపెట్టేసేది.

"తగ్గించారు కదండీ."

"వాపుంది కదమ్మా."

"వాపు నాకుందండీ. కోళ్ళకి లేదు కదండీ."

బిల్లుల ఆఫీసాయన మధ్యమధ్య గుమ్మంలో నిలబడి చూసేవారు. "ఇవాళ బాగా పెరిగిందండి" అని మెచ్చుకునేవారు. మా ముగ్గురికీ అదొక సంబరంలా ఉండేది. చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా అలాగే సాగింది.

ఒకరోజు ఆ కంప్యూటరుకి వైరస్ పట్టింది. బిల్లుల ఆఫీసాయన అంతా తుడిచేసి, మళ్ళీ అన్నీ ఎక్కించి పెట్టారు. ఆట కూడా ఎక్కించారు. జోరు సంగతి మాత్రం మర్చిపోయారు. నేను వార్డులో ఉన్నాను. ఆవిడ వచ్చి, అలవాటైన పనే కదా అని తనే ఆట తెరుచుకుని కూర్చుంది. నేను వచ్చేసరికి తెర మీద గుడ్లు వడగళ్ళలా రాలి పగులుతున్నాయి. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"నా చెయ్యి పోయిందండీ."

"చెయ్యి బాగానే ఉందమ్మా. మిషనుకి జోరు ఎక్కువైంది. మేం తగ్గించడం మర్చిపోయాం" అని చెప్పాను. అదే నేను చెప్పకుండా ఉండాల్సిన మాట.

తెరకేసి తిరిగింది. "అయితే మీరెంత పెంచినా, ఇన్నాళ్ళూ నేనాడింది అసలు జోరు కాదన్నమాట."

"అసలు జోరంటూ ఏదీ లేదమ్మా, మనం పెట్టుకున్నదే..."

"చిన్నపిల్లలకి పెట్టినట్టు పెట్టారండీ నాకు" అంది. కోపంగా అనలేదు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. బిల్లుల ఆఫీసాయన అన్నం సరిగా తినడం మానేశారు. "నా మతిమరుపు వల్లేనండి. ఆవిడ ఊరు తెలుసాండీ మీకు?" అని రోజూ అడిగేవారు. చివరికి కేసు షీటులో ఊరు చూసుకుని, ఓ ఆదివారం చర్చి నుంచి నేను అట్నించి అటే బయల్దేరాను. ఆయన తాడేపల్లిగూడెం నుంచి వచ్చి కలిశారు. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో వెళ్ళలేని చోట చెరువు గట్టు మీద నడిచాం.

కొల్లేటి సరస్సు లోపల తవ్వుకున్న చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు తెంచేసిన ఎండాకాలం అది. మేం వెళ్ళేసరికి దూరంగా పెద్ద పెద్ద మిషన్లు గట్ల మట్టిని ఎత్తి అవతల పోస్తున్నాయి. తెగిన చోటల్లా బురదనీళ్ళు సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. జనం రోడ్డు మీద గుంపుగా నిలబడి చూస్తున్నారు. కేకల్లేవు, ఏడుపుల్లేవు. సరస్సు సరస్సులా ఉండాలన్నది న్యాయమే కావచ్చు. పక్షులకీ నీళ్ళు కావాలి. నాకు తెలిసిందల్లా, ఆ గుంపులో ఆవిడ భర్త ఉన్నాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పనిలేని మనిషి నిలబడినట్టు నిలబడ్డాడు.

ఆవిడ ఇంటి ముందు పీట వేసి మంచినీళ్ళిచ్చింది. బిల్లుల ఆఫీసాయన కూర్చోకుండానే అందుకున్నారు. "అమ్మా, తప్పు నాదండి. మీ చేతిది కాదు. ఆ జోరుకి నేనూ ఒక్క గుడ్డు పట్టలేనండి, ఎవరూ పట్టలేరు."

"తెలుసండీ. ఇంటికొచ్చాక ఆలోచించుకున్నాను" అంది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. చెరువులు పోతే షెడ్డులు కూడా సగం మూతపడతాయట. ఉన్నవాటిలో కొద్దిమందినే ఉంచుతారట, చేతి జోరు చూసి మరీ. "రావడానికి మొహం చెల్లక రాలేదండీ. ఇప్పుడొస్తాను. నాకు నా పాత జోరు కావాలండీ. అంతకి తక్కువైతే పనికిరాదు."

ఆ తర్వాతి నెలంతా ఆవిడ చెయ్యిని నేను నడిపించానో, ఆవిడే నన్ను నడిపించిందో చెప్పలేను. పెంచమనేది. నరం పట్టేస్తుందని నేను భయపడేదాన్ని. మేమిద్దరం వాదించుకుంటుంటే గోడ అవతల్నించి బిల్లుల ఆఫీసాయన దగ్గేవారు. "పాత జోరంటే ఎంతో నాకెలా తెలుస్తుందమ్మా?" అంటే, "నాకు తెలుస్తుందండీ" అనేది. నిజంగానే ఒకరోజు ఉన్నట్టుండి బటన్ల మీద చెయ్యి ఆడిస్తూనే, తెర మీంచి చూపు తిప్పకుండా "ఇదేనండి" అంది. "షెడ్డులో నా చెయ్యి ఇలాగే పోయేదండీ."

ఆమాట సర్జనుగారి దాకా వెళ్ళింది. ఆయన ఇంకో ఇద్దరు డాక్టర్లని వెంటబెట్టుకుని వచ్చి, ఆవిడ ఆడుతుంటే వెనకాల నిలబడి చూశారు. అరచెయ్యి తిప్పి చూసి, వేళ్ళు చాపించి, ముడుచుకోమని చూసి, నా భుజం తట్టారు. కేసు షీటులో 'పూర్తి కదలిక' అని రాశారు. బిల్లుల ఆఫీసాయన మిఠాయి తెచ్చి వరండాలో పంచిపెట్టారు. ఇక్కడితో ఆపేస్తే, పిల్లలకి చెప్పదగిన కథే.

షెడ్డులో చెయ్యి చూపించుకునే రోజు నన్నూ రమ్మంది. సెలవు పెట్టి వెళ్ళాను. తడి సిమెంటు నేల, ఎముకలు కొరికే చలి, రొయ్యల నీచు వాసన. బల్లల ముందు సగం చోటు ఖాళీగా ఉంది. తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఆవిణ్ణి చూసి పలకరింపుగా తలూపారే గానీ చేతులాపలేదు. మేస్త్రీ పాతికేళ్ళుగా అదే షెడ్డులో ఉన్నవాడు. "రామ్మా, నీ బల్ల అలాగే ఉంది" అన్నాడు. ఐసుతో సహా ఒక తట్ట రొయ్యలు ఆవిడ ముందు పోయించాడు.

మొదటి రొయ్య తీసుకుంది. తల తుంచింది. రెండోది తుంచింది. అవి బాగానే పోయాయి. నేను ఊపిరి వదిలాను. మూడోదో నాలుగోదో పట్టుకున్నప్పుడు కొమ్ము ఆవిడ అరచేతికేసి తిరిగింది. చెయ్యి ఆగిపోయింది. ఎవరో మణికట్టు పట్టుకుని ఆపినట్టు ఆగింది. కొమ్మును పక్కకి తిప్పుకుని, చూసుకుని, తుంచింది. ఆ తర్వాత ప్రతి రొయ్యకీ అంతే. వేళ్ళు వెళ్ళేవి, కొమ్ము దగ్గర ఆగేవి, తిప్పి చూసుకునేవి. పక్కబల్ల ఆవిడ కుప్ప తరిగిపోతోంది. ఈవిడ ఎడమచేత్తో కుడిచేతిని ఒక దెబ్బ కొట్టింది, మొరాయించిన ఎద్దుని కొట్టినట్టు. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. మర్యాదస్థుడు, గొంతు తగ్గించే మాట్లాడాడు. "చెయ్యి బాగైపోయిందండీ, కాదనను. జడుపే పోలేదండి. ఇదివరకైతే ఓ బల్ల దగ్గర మెల్లగా చేసుకోమనేవాణ్ణి. ఇప్పుడు నాకే దిక్కులేదండి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది. "గుడ్లకి కొమ్ములుండవు కదండీ" అంది చివరికి. నన్ను తప్పు పట్టినట్టు అనలేదు. తనకి తనే చెప్పుకున్నట్టు అంది.

ఆ తర్వాత నేను చెయ్యాల్సింది చెయ్యబోయాను. ఏలూరు బజారులో రొయ్యలు కొని గదిలోకి తెచ్చాను. వార్డు వాళ్ళు ముక్కు మూసుకున్నారు. మొదట కొమ్ములు కత్తిరించినవి, తర్వాత కొమ్ములున్నవి ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గానే చేసింది, కొంచెం కొంచెం మెరుగైంది కూడా. కానీ దానికి నెలలు కావాలి. తిండి నెలలు ఆగదు. నాలుగైదుసార్లు వచ్చాక, భర్తకి దక్షిణాన ఎక్కడో సముద్రం ఒడ్డు చెరువుల మీద కాపలా పని దొరికిందని, ఇద్దరూ వెళ్ళిపోతున్నారని చెప్పింది. అక్కడ చెరువుల మీద పనిచేసే మగవాళ్ళకి వంట చేసిపెట్టాలట తను.

షెడ్డు సంగతి చెప్పినప్పుడు బిల్లుల ఆఫీసాయన అంతా విని, "ఎంత జోరు దగ్గర ఆగిందండీ?" అన్నారు. అలవాటు కొద్దీ అడిగారంతే. అడిగాక ఆయనకే తెలిసి, తల దించుకుని బిల్లులు తిరగేశారు. ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆ గదిలోంచి గుడ్లు పగిలిన చప్పుడు నేను వినలేదు. కొన్నేళ్ళకి రిటైరై గూడెంలోనే ఉండిపోయారు.

సర్జనుగారు ఈ కేసుని డాక్టర్ల మీటింగులో ఫొటోలతో చూపించారు. ముందు ముడుచుకున్న చెయ్యి, తర్వాత తెరుచుకున్న చెయ్యి. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, "పేషెంటు మళ్ళీ పనిలోకి వెళ్ళిందాండీ?" అని అడిగారు. సర్జనుగారు నాకేసి చూశారు. "లేదండి" అన్నాను. ఆయన తర్వాతి ఫొటో వేశారు.

పిల్లలూ, పరీక్షల్లో మిమ్మల్ని కదలిక ఎంత వచ్చింది, పట్టు ఎంత వచ్చింది అని అడుగుతారు. చెప్పండి, మార్కులొస్తాయి. గదిలో మనం పెట్టే జోరు మన చేతిలో ఉంటుంది. బయట ఎవరు పెడతారో, ఎందుకు పెడతారో నాకు సర్వీసంతా అయిపోయినా తెలియలేదు.

వాళ్ళు వెళ్ళేరోజు నేను ఏలూరు బస్టాండుకి వెళ్ళాను. రెండు మూటలు, ఒక వంటగిన్నెల సంచి. భర్త నాకు దణ్ణం పెట్టి బస్సెక్కాడు. ఆవిడ నా చేతిలో పూతరేకుల పొట్లం పెట్టి, "బాబుగారికి కూడా ఇవ్వండి, డాక్టరుగారండీ" అంది. బిల్లుల ఆఫీసాయన్ని అలా పిలిచేది. నేను డాక్టర్ని కాదని ఆ రోజు అనలేదు.

బస్సు కదిలాక కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాపి ఊపింది. అలవాటు కొద్దీ నా కళ్ళు ముందు వేళ్ళ మీదికే పోయాయి. నాలుగు వేళ్ళూ చివరి కణుపు దాకా తిన్నగా తెరుచుకున్నాయి, ఎక్కడా పట్టెయ్యలేదు. అది చూసుకుని ఆవిడ మొహంకేసి చూసేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.